‘నువ్వు గూడ రా’ : పిలుపు ఉత్తరాలు ఎలా చదవాలి?

సోలాపూర్ నుంచి వచ్చే కార్డులు మా ఇంట్లో నేనే చదివేదాన్ని. 1980ల చివర, ఆలేరులో, అప్పుడు నాది ఏడో తరగతి. అమ్మకు చదువు రాదు. ఆమె చిన్ననాటి స్నేహితురాలు, నాకు వరసకు అత్తమ్మ, భర్త వెంట సోలాపూర్ పోయింది. ఆయన పవర్‌లూమ్ మీద, ఆమె ఇంట్లో బీడీల చాట ముందు. ఏ కార్డు వచ్చినా చివర ఒకటే మాట: “వదినె, నువ్వు గూడ రా. ఈడ ఆసు పోసుడు లేదు.”

చిటికీ చీర కోసం ఆసు పోయడమంటే నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు ఆడించడం. నేత పనిలో అది ఆడవాళ్ల వంతు. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే బాధ చూడలేక 1999లో ఆసుయంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా అమ్మ భుజానికి ఆ యంత్రం పదేళ్లు ఆలస్యమైంది. అందుకే ఆ పిలుపు మా ఇంట్లో చిన్న మాట కాదు. మగ్గం అమ్ముదామనే దాకా వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత నేను తరగతిలో ఎలినోర్ ప్రూయిట్ స్టూవర్ట్ ఉత్తరాలు పాఠంగా చెప్పాల్సి వచ్చింది. డెన్వర్‌లో ఇళ్లల్లో పనిచేసి బతికిన మనిషి ఆమె. చిన్న కూతుర్ని తీసుకుని 1909లో వయోమింగ్ వెళ్లి, తన పేర భూమికి దరఖాస్తు పెట్టుకుంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం 160 ఎకరాలు ఇస్తానంది. పెళ్లికాని స్త్రీలకూ వితంతువులకూ ఆ హక్కు ఉంది, భర్త చాటు భార్యకు లేదు. పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన ఆ పడమటి వలసకు ఇది చివరి అంకం. పాత యజమానురాలికి ఆమె రాసిన ఉత్తరాలు 1914లో పుస్తకమయ్యాయి. పట్నంలో బట్టలుతికి బతికే ఆడవాళ్లు ఇక్కడికి వస్తే సొంత ఇల్లు, సొంత చేను, కడుపునిండా తిండి దొరుకుతాయన్నది వాటి సారాంశం. నేనూ దాన్ని స్త్రీ స్వాతంత్ర్య పత్రంగానే బోధించాను. ఆ ఉత్సాహం అంటుకునేది.

ఆమె దాచిన సంగతి ఒకటుంది. దరఖాస్తు పెట్టిన కొద్దిరోజులకే ఆమె పక్క భూమి యజమానిని పెళ్లి చేసుకుంది. ఆ మాట ఉత్తరాల్లో చాలాకాలం రాయలేదు. చివరికి తన భూమి హక్కును కూడా 1912లో అత్తగారికి వదులుకుంది. ఒంటరి స్త్రీ తన బలంతో భూమి సంపాదించుకోగలదని లోకానికి చెప్పిన మనిషికి ఆ పద్ధతిలో భూమి దక్కలేదు.

ఇది చెప్పినప్పుడు నేతపని చేసే ఇంటి నుంచి వచ్చిన ఒక విద్యార్థిని అడిగింది: “మరి ఆమె అబద్ధం చెప్పినట్టేనా మేడమ్?” నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి సోలాపూర్ కార్డులు గుర్తొచ్చాయి.

అత్తమ్మ రాయించింది అబద్ధం కాదు. సోలాపూర్‌లో నిజంగానే ఆసు పోసే పని ఆమెకు లేదు. ఉన్నది తునికాకు, కత్తెర, పొగాకు దుమ్ము. వంచిన మెడ ఎత్తకుండా వెయ్యి బీడీలు చుడితే అందులో బాగాలేవని తీసి పారేసేవి కొన్ని. పిలుపు ఉత్తరం పని చేసే తీరు ఇదే. ఒక నిజాన్ని ముందు పెట్టి, ఇంకో నిజాన్ని దాని వెనక నిలబెడుతుంది. పైగా అది కార్డు. రాసిపెట్టింది పక్కింటి పిల్లవాడు, చదివింది నేను, మధ్యలో పోస్ట్‌మన్, ఇంట్లో మగవాళ్లు. పెనిమిటి మీది బాధను అలాంటి కాగితం మీద ఎవరు రాయిస్తారు?

దాచకుండా రాస్తే ఏమవుతుందో కరోలిన్ కిర్క్‌లాండ్‌కు తెలుసు. మిషిగన్ అడవి అంచున భర్త స్థాపించిన ఊరి గురించి 1839లో మారుపేరుతో ఆమె పుస్తకం రాసింది. ‘కొత్త ఇల్లు, ఎవరొస్తారు వెంట?’ అని దాని పేరు. కొత్తచోట గొణిగేది ఆడవాళ్లేనని ఒప్పుకుని, అందుకు కారణమూ చెప్పింది: మగవాడి పని ఎక్కడికి పోయినా సాగుతుంది, ఆడదాని పొయ్యి, గిన్నె, అలవాటు మాత్రం వెనకే ఉండిపోతాయి. ఇరుగుపొరుగు తమను తాము గుర్తుపట్టి మండిపడ్డారు. 1843లో ఆ కుటుంబం న్యూయార్క్ తిరిగి వెళ్లింది.

ఈ పోలికకు హద్దు ఉంది. అక్కడి ‘ఖాళీ’ భూమి షోషోనీ వంటి ఆదివాసుల నుంచి లాక్కున్నది. ఆ సంగతి పిలిచిన వాళ్లెవరూ రాయలేదు. మన నేతగత్తెలు ఎవరి భూమికీ పోలేదు. మగ్గం కూడు పెట్టక ఒకరి కూలికి పోయారు. సొంతింటి కోసం వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. సోలాపూర్ దగ్గర కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల కోసం కట్టిన 10,000 ఇళ్లు 2006లో గానీ చేతికి రాలేదు.

మా అమ్మ పోలేదు. బస్సు ఛార్జీలు కూడలేదు, అంతే. ఆమె పోయాక నేను అత్తమ్మను చూడ్డానికి సోలాపూర్ వెళ్లాను. దగ్గుతూనే ఆకు కత్తిరిస్తోంది. కష్టం ఎందుకు రాయించలేదని అడిగాను.

“కష్టం రాస్తె మీ అమ్మ వస్తదా బిడ్డా?” అంది. “ఆలేరు నీళ్లు తాగిన మనిషి ఒక్కతి పక్క పొంటి ఉంటె సాలనుకున్న. రానందుకు ఆమె మీద కోపమొచ్చింది. రానందుకే మంచిగైందని గూడ అనుకున్న.”

స్త్రీల ఉత్తరాలు దొరికితే మనం ‘అనుభవం, సాక్ష్యం’ అని పండగ చేసుకుంటాం. నేనూ చేసుకున్నాను. కానీ పిలుపు ఉత్తరం సాక్ష్యం కన్నా ముందు ఒక వేడుకోలు. అది ఎవరికి రాసింది, ఎవరి చేతి రాత, ఎవరు పైకి చదివారు అన్నవి అడగకుండా అందులోని సంతోషాన్ని లెక్కగట్టలేం. స్టూవర్ట్ అబద్ధం చెప్పిందా అన్న ప్రశ్నను ఇప్పుడు నేను తరగతిలో ఇంకోలా అడుగుతున్నాను: ఆమెకు పక్కన ఎవరు కావాల్సి వచ్చారు?

‘నువ్వు గూడ రా’ అన్న మాటను ఏడో తరగతిలో గట్టిగా, హుషారుగా చదివేదాన్ని. అది అంత హుషారుగా చదవాల్సిన మాట కాదు.