వంద ట్రాన్సిస్టర్లలో ఒక జత

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఫ్యాను కట్టేసి, బల్ల మీద ట్రాన్సిస్టర్లు వరసగా పేర్చుకుని కూర్చున్నాను. రోజుకి పాతిక చొప్పున నాలుగు రోజులు ఇదే పని. అన్నీ బీసీ 547లే. కందిగింజంత నల్లటి తల, మూడు సన్నటి కాళ్లు. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైనా ఏ రెండూ అచ్చంగా ఒక్కలా ఉండవు. ఈ వందలోంచి కవలల్లాంటి జతని వెతికి పట్టుకోవాలి.

ఒక్కొక్కదాన్నీ టెస్ట్ సర్క్యూట్‌లో గుచ్చి, బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఎన్ని మిల్లీవోల్టులున్నాయో మల్టీమీటరులో చూసి నోటుపుస్తకంలో రాసుకోవాలి. గుచ్చీ గుచ్చగానే చూస్తే లెక్క తప్పుతుంది. మన వేళ్ల వేడి దానికి అంటుకుని ఉంటుంది. ఒక్క డిగ్రీ వేడెక్కినా సుమారు రెండు మిల్లీవోల్టులు పడిపోతుంది. మనకి కావలసిన జతలో తేడా ఒక్క మిల్లీవోల్టు లోపే ఉండాలి. అందుకని గుచ్చి, చెయ్యి తీసేసి, ఊపిరి కూడా దాని మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని, అంకె నిలబడేదాకా ఆగాలి. ఒక్కోదానికి రెండు నిమిషాలు. మా ఊరు మొవ్వలో ఆ వేళకి గాలి ఇంకా కదలదు, వీధిలో పాలవాళ్ల సైకిళ్లు తప్ప చప్పుడుండదు. ఈ పనికి అంతకన్నా మంచి సమయం నాకు దొరకలేదు.

డెబ్భై మూడో ట్రాన్సిస్టరు దగ్గర అంకె చూసి వెనక పేజీలు తిప్పాను. పంతొమ్మిదో దానితో సరిపోయింది. తేడా అర మిల్లీవోల్టు కూడా లేదు. రెండింటి చదునైన ముఖాలూ ఒకదానికొకటి ఆనించి, మధ్యలో థర్మల్ పేస్టు పూసి, దారంతో బిగించి కట్టాను. ఇక వేడెక్కినా చల్లబడినా రెండూ కలిసే.

ఇంత తంటా దేనికంటే, విడిభాగాల కిట్టుతో నేనొక సింథసైజర్ కడుతున్నాను. సింథసైజర్‌లో స్వరం ఒక వోల్టేజి. మంద్రస్థాయి షడ్జం నుంచి మధ్యస్థాయి షడ్జానికి ఒక వోల్టు, అక్కణ్ణుంచి తారస్థాయికి ఇంకో వోల్టు. ఆ వోల్టుని పన్నెండు స్వరస్థానాలకి పంచితే ఒక్కోదానికి 83.3 మిల్లీవోల్టులు. వోల్టేజి మెట్టు మెట్టుకీ సమానంగానే పెరుగుతుంది కానీ, నాదం అలా పెరగదు. స్థాయి మారేసరికి కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. సమానంగా ఎక్కే మెట్లని రెట్టింపులుగా మార్చే పని దారంతో కట్టిన ఆ జతది. వాటిలో ఒకటి వేడికి జారితే, రెండోది కూడా అంతే జారి, మొదటిదాని తప్పుని కొట్టేస్తుంది. జత కుదరకపోతే పెట్టెలో మిగతా రెండొందల భాగాలు ఎంత బాగున్నా అపశ్రుతే.

సింథసైజర్ చరిత్రలో కిట్లది పెద్ద పాత్ర. అమెరికాలో రాబర్ట్ మోగ్ కుర్రవాడుగా ఉన్నప్పుడే, 1954లో, తండ్రితో కలిసి థెరమిన్ అనే వాద్యాన్ని చేసి అమ్మేవాడు. 1961లో ట్రాన్సిస్టర్లతో థెరమిన్ కట్టుకునే విధానాన్ని ఒక పత్రికలో రాస్తే, వెయ్యి దాకా కిట్లు అమ్ముడుపోయాయి. తర్వాత 1964లో మోగ్ తన మొదటి సింథసైజర్ చేశాడు. 1978లో ఇంగ్లండులో టిమ్ ఓర్ డిజైన్ చేసిన ట్రాన్సెండెంట్ 2000 సింథసైజర్ కిట్టు పత్రిక పేజీల్లోంచే జనానికి చేరింది. జాయ్ డివిజన్ సంగీత బృందంలోని బెర్నార్డ్ సమ్నర్ దాన్ని తనే కూర్చుని కట్టుకున్నాడు. మన దేశానికి మోగ్ సింథసైజర్ 1969లోనే వచ్చింది. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దానితో స్టూడియో ఏర్పాటు చేశాడు. కానీ మన ఊళ్లలోకి, మన సంగీతంలోకి ఎలక్ట్రానిక్ నాదం వచ్చిన దారి వేరు. బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురా చేశారు. పక్కనే ఉన్న కూచిపూడిలో ఇవాళ నాట్యం నేర్చుకునే పిల్లల దగ్గర మోగే శ్రుతిపెట్టె ఆ కోవకి చెందినదే. తిత్తులు ఊదే పాత శ్రుతిపెట్టె స్థానంలో నాదం పుట్టించే ఒక ఆసిలేటరు కూర్చుంది. సింథసైజర్ అంటే ఏదో పాశ్చాత్యుల సరంజామా అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. దాని గుండెకాయ రోజూ మనం వింటున్న శ్రుతే.

కిట్టు తెరిచినప్పుడు నన్ను ముందుగా ఆకట్టుకున్నది సర్క్యూట్ బోర్డు కాదు, దానితో వచ్చిన చిన్న పుస్తకం. కిట్టు తయారుచేసేవాడి పనితనం చూడాలంటే ఆ పుస్తకంలో చూడాలి. ఈ విద్యకి ఒరవడి పెట్టింది హీత్‌కిట్ కంపెనీ. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన విడిభాగాలతో 1947లో ఆసిల్లోస్కోపు కిట్టు అమ్మిన ఆ కంపెనీ, తన పుస్తకాల్లో ప్రతి చిన్న పనికీ ముందు టిక్కు పెట్టుకునే ఖాళీ ఇచ్చేది. ఫలానా రెసిస్టరు ఫలానా చోట గుచ్చు, కాళ్లు వంచు, టిక్కు పెట్టు. ఎదురుగా లేని మనిషి చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించడం లాంటి పని అది. నాకొచ్చిన పుస్తకం రాసిందెవరో గానీ, ఆ మర్యాద తెలిసినవాడు. పొట్టి భాగాలు ముందు, పొడుగువి తర్వాత అని వరస పెట్టాడు. మొదట రెసిస్టర్లు, డయోడ్లు, తర్వాత ఐసీ సాకెట్లు, ఆ పైన కెపాసిటర్లు, అన్నిటికన్నా చివర తిప్పే నాబులు. కారణం చేస్తుంటే తెలిసింది. బోర్డుని బోర్లించినప్పుడు ఆ పూటకి గుచ్చిన భాగాలన్నీ ఒకే ఎత్తులో బల్లకి ఆనుకుంటాయి, ఏదీ జారి కిందపడదు. వరస తప్పితే ఒక చేత్తో భాగాన్ని పట్టుకుని, రెండో చేత్తో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని, అతుకు పెట్టే లెడ్ తీగ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక అవస్థపడాలి.

విసుగు లేదని అనను. రెసిస్టర్ల దగ్గర బాగా విసుగొచ్చింది. ఒక శాతం తేడా లోపు ఉండేవి నీలం రంగులో ఉంటాయి, ఒంటి మీద అయిదు చారలు. ట్యూబ్‌లైటు వెలుగులో గోధుమ రంగు చారకీ ఎరుపు చారకీ తేడా కనబడదు. చార ఒక్కటి పొరబడితే విలువ పదింతలు మారిపోవచ్చు. నూట పది రెసిస్టర్లు. కళ్లని నమ్మడం మానేసి ప్రతిదాన్నీ మీటరుతో కొలిచి, తెల్లకాగితానికి టేపుతో అంటించి, కింద పెన్నుతో విలువ రాశాను. ఆ రెండు సాయంత్రాల్లో సంగీతం లేదు, నాదం లేదు. బియ్యంలో మెరికలు ఏరినట్టు ఏరడమే.

అతుకు పెట్టడంలో మాత్రం ప్రతిసారీ ఒక చిన్న ఆనందముంది. ఐరన్ మొన భాగం కాలికీ, బోర్డు మీది రాగి చుట్టుకీ ఒకేసారి తగలాలి. ఒకటీ రెండూ అని మనసులో లెక్కపెట్టి, అప్పుడు లెడ్ తీగని ఐరన్‌కి కాకుండా అతుకుకి తాకించాలి. మంచి తగరం పాళ్లున్న లెడ్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిన లోహం ఒక్కసారిగా మెరిసి, కాలి చుట్టూ పాకి, గుడారం ఆకారంలో లోపలికి వంగి నిలుస్తుంది. ఐరన్ తీసిన క్షణం ఆ మెరుపు గట్టిపడుతుంది. లెడ్ తీగ లోపలి ఫ్లక్స్‌లోని పైన్ చెట్టు బంక పొగై లేస్తుంది. సాంబ్రాణికి దూరపు చుట్టం లాంటి వాసన. పొగ పీల్చడం మంచిది కాదు, కిటికీ తెరిచే ఉంచాను. సరిగా కుదరని అతుకు నీటిబొట్టులా పైకి ఉబ్బుతుంది, మసకగా ఉంటుంది. నలభై యాభై పెట్టేసరికి చెయ్యి తనంతట తనే లయ పట్టుకుంది.

అన్నీ అయ్యాక కరెంటు ఇస్తే ఒకటే గుర్రుమనే మోత. స్వరం లేదు. రెండు రోజులు సర్క్యూట్ బొమ్మలో గీతలు చూసుకుంటూ వెతికాను, దొరకలేదు. చివరికి టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన బొమ్మ అడగలేదు. టెస్టరు తిరగేసి ప్లాస్టిక్ పిడితో భాగాలని ఒక్కొక్కటే మెల్లగా తట్టుకుంటూ పోయాడు. పెద్ద కెపాసిటర్ దగ్గర మోత తెగి, మళ్లీ వచ్చింది.

"డ్రై సోల్డరురా అబ్బాయ్. పైకి అంటుకున్నట్టే ఉంటది, లోపల పట్టదు" అన్నాడు.

"బాబాయ్, మిగతావన్నీ బాగానే పట్టాయి కదా, ఇదొక్కటే ఎందుకు?"

"అది ఎర్తు. చుట్టూ అంతా రాగే కదా, వేడిని లాగేసుద్ది. అక్కడ ఇంకాసేపు కాల్చాల."

అయిదు నిమిషాల పని. నలభై ఏళ్ల వేళ్లు చేసిన అయిదు నిమిషాల పని. ఇలాంటి చేతులు ఈ కృష్ణా డెల్టాకి కొత్త కాదు. బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరాలు చేసేది. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకుంది. చిలకలపూడిలో రోల్డుగోల్డు పనివాళ్లు ఇవాళ్టికీ సన్నటి అతుకులతోనే బతుకుతున్నారు.

ఇక శ్రుతి చెయ్యడం మిగిలింది. పెట్టెలో రెండు చిన్న ట్రిమ్మర్లు, ఇరవై అయిదు చుట్లు తిరిగే సన్నటి మరలు. ఒకటి ఆధార షడ్జానికి, రెండోది స్థాయికీ స్థాయికీ మధ్య దూరానికి. రెండోది తిప్పితే మొదటిది చెడుతుంది. మొదటిది సవరిస్తే రెండోది మళ్లీ చూసుకోవాలి. పాత కృష్ణా జిల్లా నూజివీడులో వీణలు చేసేవాళ్లు మేళం కట్టడం నాకు గుర్తొచ్చింది. మైనం పరిచి, ఇరవై నాలుగు మెట్లనీ ఒక్కొక్కటిగా చెవితో విని నిలబెడతారు. వెంట్రుకవాసి జరిగినా గాంధారం గాంధారం కాదు. మైనం మెత్తగా ఉన్నంతసేపూ దిద్దుకోవచ్చు. నా ట్రిమ్మరు మర ఆ మైనం లాంటిదే.

సంగీతంలో స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద భాగాలు చేసి ఒక్కో భాగాన్ని సెంటు అంటారు. మన వైపు ఎకరంలో వందో వంతు సెంటు. ఇక్కడా అక్కడా సరిహద్దు తగాదా వచ్చేది సెంట్ల దగ్గరే. ఒక మిల్లీవోల్టు తప్పితే సెంటుంబావు పోతుంది. వేడిని సరిదిద్దే ప్రత్యేకమైన రెసిస్టరు లేకపోతే, డిగ్రీకి ప్రతి స్థాయిలోనూ నాలుగు సెంట్లు జారుతుంది. తెల్లవారుజాము చల్లదనానికీ ఏప్రిల్ మధ్యాహ్నానికీ మధ్య మొవ్వలో పది డిగ్రీల పైనే తేడా. అంటే స్థాయికి నలభై సెంట్లు. మృదంగం వాళ్లు ఎండకీ వానకీ రాయి పట్టుకుని అంచు కొట్టి శ్రుతి చేసుకునేది ఇందుకే. వేడిని సరిదిద్దే ఆ రెసిస్టరు కూడా ట్రాన్సిస్టర్ల జతకి ఆనుకునే ఉండాలి. వాటి వేడే దానికీ తగలాలి. దాన్ని కూడా అదే పేస్టుతో, అదే దారంతో కట్టాను.

తెల్లవారుజామున సింథసైజర్‌ని అయిదు శ్రుతికి కలిపాను. కూచిపూడి పిల్లల శ్రుతిపెట్టె ఒకటి అడిగి తెచ్చుకుని పక్కన పెట్టాను. రెండు నాదాలూ మొదట అలల్లా కొట్టుకున్నాయి. మర తిప్పుతుంటే అలలు నెమ్మదించి, బాగా నెమ్మదించి, ఆగిపోయాయి. ఏది దేనిదో చెవికి తెలియలేదు.

మధ్యాహ్నం రెండింటికి, గోడ మీద థర్మామీటరు 39 చూపిస్తుండగా, మర ముట్టుకోకుండా రెండింటినీ మళ్లీ మోగించాను. మూడు స్థాయిలూ పైకి పోయి చూశాను. అలలు వచ్చాయి, చాలా మెల్లగా, సెకనుకి ఒకటి కూడా లేదు. నోటుపుస్తకంలో పంతొమ్మిదీ డెబ్భై మూడూ రాసుకున్న పేజీ తీసి, ఆ రెండు అంకెల కింద గీత గీశాను.