వెనక చోటు లేని విసురు

స్కాట్లండ్‌లోని స్పే నది పొడవు దాదాపు 170 కిలోమీటర్లు. మన గోదావరి ముందు అది చిన్న ఏరే. కానీ స్కాట్లండ్ పెద్ద నదుల్లో అంత ఉరవడి ఉన్నవి అరుదు. మోరే ఫర్త్ దగ్గర సముద్రంలో కలిసేదాకా దాని పరుగు పెద్దగా మందగించదు. చాలాచోట్ల గట్టు నిటారుగా లేచి ఉంటుంది, గట్టు మీది చెట్లు నీళ్లమీదికి వాలి ఉంటాయి. సాల్మన్ చేప కోసం నడుంలోతు నీళ్లలో దిగిన మనిషి వీపు వెనక చోటు ఉండదు. చేప మాత్రం ఎదుట పాతిక, ముప్పై మీటర్ల దూరంలో, అవతలి ఒడ్డు నీడలో ఉంటుంది. ఈ ఇరుకులోంచి పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టిందే స్పే కాస్ట్ అనే విసురు.

ఇరుకు ఎందుకంత ఇబ్బందో తెలియాలంటే ఫ్లై ఫిషింగ్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. మామూలు గాలానికి కొసన సీసం గుండు ఉంటుంది. విసిరితే గుండు ఎగిరి, దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈకలూ వెంట్రుకలూ చుట్టిన చిన్న కొక్కెం. దానికి చెప్పుకోదగ్గ బరువే లేదు. అందుకని ఇక్కడ బరువంతా లైన్‌లోనే పెడతారు, విసిరేది లైన్‌నే. ట్రౌట్ చేపలకు వాడే అయిదో నంబరు లైన్‌లో మొదటి 30 అడుగులు తూచితే 9 గ్రాములు. సాల్మన్ కోసం రెండు చేతులతో పట్టే పదో నంబరు రాడ్ మోసే లైన్‌లో ముందుండే బరువైన భాగం, అంటే తల, 40 గ్రాముల దాకా ఉంటుంది. తలమీదుగా వేసే మామూలు విసురులో ఆ లైన్ ముందు వెనక్కి వెళ్లి, గాలిలో పూర్తిగా చాచుకోవాలి. ఆ తర్వాతే ముందుకు. ఇరవై మీటర్ల లైన్‌కు వెనక కూడా ఇరవై మీటర్లు కావాలి. స్పే గట్టు మీద అలా వేస్తే కొక్కెం చెట్టుకొమ్మకు తగులుకుంటుంది.

స్పే పద్ధతిలో లైన్ పూర్తిగా వెనక్కి పోదు. దిగువకు చాచుకుని ఉన్న లైన్‌ను రాడ్‌తో మెల్లగా పైకెత్తి, పక్కగా తిప్పుతారు. లైన్ కొస మాత్రం మనిషి పక్కన, రాడ్ పొడవంత దూరంలో నీటిని తాకుతుంది. దాన్నే లంగరు అంటారు. మిగిలిన లైన్ రాడ్ వెనక ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో వేలాడుతుంది. నీటి పట్టు కొసను ఆపి ఉంచుతుంది, డి బరువు రాడ్‌ను వంచుతుంది. ఆ వంపు విప్పుకున్నప్పుడు లైన్ ముందుకు దూసుకుపోతుంది. వెనక రెండు మూడు నిలువుల జాగా ఉంటే చాలు.

చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం రాడ్ బరువు అడ్డొస్తుంది.

పదిహేను అడుగుల రాడ్ చేతికి రాగానే ఎవరికైనా బలం వాడాలనిపిస్తుంది. చాలామంది విసురు పాడయ్యేది అక్కడే. గోదావరి పాయల్లో విసురువల వేసే జాలరిని చూస్తే విషయం అర్థమవుతుంది. వల బరువును భుజం మీదా ముంజేతి మీదా సర్దుకుని, నడుం తిప్పి, అదను చూసి వదులుతాడు. చేతి బలంతో నెడితే వల విచ్చుకోదు, ముద్దగా పడుతుంది. స్పే విసురు గుణమూ అదే. రాడ్ ఎంత బరువైతే, ఎంత పొడవైతే మొదటి కదలిక అంత నెమ్మదిగా ఉండాలి. పొడవాటి రాడ్‌లో చేయి జానెడు కదిలితే కొస కొన్ని అడుగులు కదులుతుంది. చేతిలో చిన్న తొందర కొస దగ్గర పెద్ద కుదుపవుతుంది.

మొదట రాడ్ కొస నీటిని తాకుతూ ఉండాలి. లైన్‌లో ఎక్కడా వదులు ఉండకూడదు. వదులు ఉంటే ఎత్తడంలో సగం దాన్ని లాగడానికే ఖర్చవుతుంది. ఎత్తేటప్పుడు లైన్ నీళ్లలోంచి ఊడివచ్చే చప్పుడు వినిపించకూడదని నేర్పేవాళ్లు పట్టుబడతారు. తర్వాత రాడ్‌ను ఒకే వేగంతో పక్కకు తిప్పి, చివర కాస్త పైకి లేపాలి. మధ్యలో కొసను కిందికి దించేస్తే లైన్‌లో చాలా భాగం నీళ్లలో కూలబడుతుంది. లంగరు అవసరానికి మించి పెరుగుతుంది. దాన్ని పీకడానికి మనిషి ఇంకా బలం పెడతాడు, విసురు ఇంకా చెడుతుంది. లంగరు చాలకపోయినా ప్రమాదమే. నీటి పట్టు తప్పిన కొక్కెం గాలిలో కొరడాలా వెనక్కి వస్తుంది. కళ్లద్దాలు లేకుండా నదిలో దిగవద్దని చెప్పేది అందుకే.

ముందు విసురులో కింది చేతిదే అసలు పని. కుడిచేయి పైన ఉన్నవాళ్లు ఎడమచేత్తో రాడ్ అడుగు కొసను, అంటే మడమను, పొట్టవైపు లాగాలి. పైచేయి ఇరుసులా పట్టి ఉంచితే చాలు. పైచేత్తో నెట్టినప్పుడు రాడ్ కొస గుండ్రంగా తిరుగుతుంది, లైన్ వెడల్పాటి చుట్టగా తెరుచుకుని గాలికి నిలబడదు. కింది చేత్తో లాగినప్పుడు కొస దాదాపు సరళరేఖలో ప్రయాణించి, ఎత్తులోనే ఠక్కున ఆగుతుంది, చుట్ట సన్నగా, పదునుగా వెళ్తుంది. వేగం క్రమంగా పెరిగి చివరన ఉన్నపళాన ఆగడం, ఈ రెండూ కుదిరితే చాలు, కండబలం మాటే రాదు.

మరో షరతు దిశకు సంబంధించింది. లంగరు, డి వంపు, లక్ష్యం మూడూ ఒకే వరుసలో ఉండాలి. లక్ష్యానికి సరిగ్గా ఎదురుదిక్కున డి ఏర్పడకపోతే రాడ్ బలం పక్కకు చీలిపోతుంది. ప్రవాహం దిగువకు లాగుతుంటుంది, విసరాల్సింది నదికి అడ్డంగా. ఆ కోణం మార్పే స్పే విసుర్లన్నిటికీ ప్రాణం.

ఏ విసురు వేయాలో గాలి నిర్ణయిస్తుంది. గాలి దిగువ నుంచి ఎగువకు వీస్తుంటే లంగరు ఎగువ పక్కన పడాలి, దానికి సింగిల్ స్పే అనే విసురు సరిపోతుంది. గాలి ఎగువ నుంచి దిగువకు వీస్తుంటే లంగరు దిగువ పక్కనే ఉండాలి, అప్పుడు డబుల్ స్పే, లేదంటే స్నేక్ రోల్ అనే విసురు. తారుమారు చేస్తే గాలి కొక్కేన్ని మనిషి ముఖం మీదికి తెస్తుంది. ఒడ్డు మారితే ఏ చేయి పైన ఉండాలన్నదీ మారుతుంది. అందుకే రెండు చేతులకూ సమానంగా నేర్పుతారు. ఒక్క చేతివాటంతో నెట్టుకొచ్చేవాళ్లకు సగం నది అందదు.

బలం వాడటంలో ఇంత పొదుపు ఎందుకంటే, సముద్రం నుంచి నదిలోకి వచ్చిన సాల్మన్ ఇక మేత తినదు. అయినా ఎదురుగా కదిలే ఫ్లైని ఒక్కోసారి అందుకుంటుంది. అది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. అందుకని విసిరి, ఫ్లైని ప్రవాహంలో అడ్డంగా సాగనిచ్చి, ఒకడుగు దిగువకు వేసి, మళ్లీ విసరాలి. పొద్దుగుంకేలోపు కొన్ని వందల విసుర్లవుతాయి. భుజబలం మీద ఆధారపడ్డ మనిషి మధ్యాహ్నానికే చతికిలబడతాడు.

ఈ విద్యలో అందరూ చెప్పుకునే పేరు అలెగ్జాండర్ గ్రాంట్ (1856–1942). ఇన్వర్నెస్‌లో ఉండేవాడు, వయొలిన్లు తయారుచేసేవాడు. కొయ్యలో కంపనం ఎలా ప్రయాణిస్తుందన్న ఆలోచనను వాద్యంలోంచి రాడ్‌లోకి తెచ్చాడు. ఆ రోజుల్లో రాడ్ ముక్కలను లోహపు గొట్టాలతో కలిపేవారు. లోహం ఉన్నచోట రాడ్ వంగదు, కంపనం అక్కడ తెగిపోతుంది. గ్రాంట్ ఆ గొట్టాలు తీసేసి, కొయ్య చివరలను ఏటవాలుగా చెక్కి, ఒకదానిమీద ఒకటి అతికించి కట్టాడు. అలా వచ్చిన 'గ్రాంట్ వైబ్రేషన్' రాడ్ కొస నుంచి మడమ దాకా ఎక్కడా తెగని ఒకే వంపుతో వంగేది. చేతిలోంచి అదనపు లైన్ జారవిడవకుండా, 21 అడుగుల రాడ్‌తో అతను 65 గజాలు, అంటే 59 మీటర్లకు పైగా విసిరాడని చరిత్ర. కొలతకంటే ఆ ఆలోచనే గొప్పది. దూరం మనిషి కండల్లో కాక కొయ్య వంపులో ఉందని అతను చేసి చూపించాడు.

ఆ కొయ్య గ్రీన్‌హార్ట్. దక్షిణ అమెరికాలోని గయానా నుంచి వచ్చేది. రేవుల్లో నీటిలో పాతే స్తంభాలకు వాడేంత గట్టిది, అంత బరువైనది. పద్దెనిమిది అడుగుల గ్రీన్‌హార్ట్ రాడ్ కిలోకు పైనే తూగేది. తర్వాత చీల్చిన వెదురు, 1970లలో కార్బన్ ఫైబర్ వచ్చాయి. ఇప్పటి పదిహేను అడుగుల రాడ్ 300 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. తేలికయ్యాక విసురుల తీరూ మారింది. స్వీడన్‌లో యోరాన్ ఆండర్సన్ కింది చేతికే ప్రాధాన్యమిచ్చి, పొట్టి తల ఉన్న లైన్‌తో అండర్‌హ్యాండ్ శైలిని తీర్చిదిద్దాడు. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ నదిలో శీతాకాలపు స్టీల్‌హెడ్ చేపల కోసం మునిగే కొసలు, పెద్ద ఫ్లైలు మోయగల పొట్టి, బరువైన లైన్లు వచ్చాయి. అక్కడ లంగరు నీటిలో కాసేపు నిలిచే ఉంటుంది, విసురుకు తొందర ఉండదు.

పొట్టి లైన్లు కొత్తవాళ్లను త్వరగా నదిలో నిలబెట్టాయి, అది మేలే. అయినా విద్య పూర్తిగా పట్టుబడాలంటే పొడవాటి లైన్ మీద కొన్నాళ్లు సాధన చేయాల్సిందే. పొట్టి లైన్ తప్పును క్షమిస్తుంది. పొడవాటిది ఎక్కడ తొందరపడ్డామో వెంటనే చూపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో 1930లలో కట్టిన విసురు కొలనుల్లో జరిగే స్పే-ఓ-రామా పోటీలకు ఇప్పటికీ జనం వస్తున్నది ఆ పొడవాటి విసురు కోసమే. బే ఏరియా తెలుగువాళ్లకు ఆ కొలనులు చేరువలోనే ఉన్నాయి, ఊరికే గట్టున నిలబడి చూసినా కాలం తెలియదు.

చేపల సంగతే గుబులు పుట్టిస్తోంది. స్కాట్లండ్‌లో 1952 నుంచి లెక్కలు రాస్తున్నారు. రాడ్లకు దొరికిన సాల్మన్ల సంఖ్య 2023లో అప్పటిదాకా ఎన్నడూ లేనంత తక్కువకు పడిపోయింది. పట్టిన చేపల్లో నూటికి తొంభై అయిదుకు పైగా తిరిగి నీటిలోకే వదులుతున్నారు. నేర్పుగా, తక్కువ విసుర్లతో ఫ్లైని చేర్చగలవాడు నీటిని అంతగా కలవరపెట్టడు. ఈ విద్యను బతికించుకోవడానికి ఆ ఒక్క కారణమూ చాలు.

బరువైన రాడ్‌తో తంటాలు పడుతున్నవాళ్లకు అనుభవజ్ఞులు చెప్పే వైద్యం చాలా సాదాది. లైన్‌ను మూడో వంతు లోపలికి చుట్టేయాలి. పైచేతి పట్టును రెండు వేళ్లకు తగ్గించాలి. అప్పుడు కింది చేయి దానంతటదే పని అందుకుంటుంది. సాధన నీటిమీదే చేయాలి, గడ్డిలో లంగరుకు నీటి పట్టు దొరకదు. స్పే మీద సాల్మన్ సీజన్ ఫిబ్రవరి 11 నుంచి సెప్టెంబరు 30 దాకా, ఆదివారాలు మినహా. మొదటి నెలల చన్నీళ్లలో మునిగే లైన్, బరువైన ఫ్లై తప్పవు కాబట్టి, నీళ్లు వెచ్చబడి తేలే లైన్, చిన్న ఫ్లై సరిపోయే మే నెల దాకా ఆగి మొదలుపెట్టడం కొత్తవాళ్లకు నయం.