కత్తిపీటని చూసే కళ్ళు

అమెరికా నేపథ్యంగా వచ్చే మన కథల్లో ఒక జాబితా తరచూ కనబడుతుంది. ఫోన్ చేయకుండా ఎవరింటికీ వెళ్ళకూడదు. పక్కింటివాళ్ళు నవ్వుతూ పలకరిస్తారు గానీ లోపలికి రమ్మనరు. తాలింపు వేస్తే పొగ అలారం మోగుతుంది. ఇవన్నీ నిజాలే, ఇక్కడ ఉంటున్న నాకూ రోజూ తగిలేవే. చిక్కల్లా ఏంటంటే, కథ సగానికి వచ్చేసరికి ఈ తేడాలు తీర్పులైపోతాయి: మనకి మనుషులున్నారు, వాళ్ళకి రూల్స్ ఉన్నాయి. అంతే, కథ అక్కడే ఆగిపోతుంది.

జుంపా లాహిరి 'మిసెస్ సేన్స్' మళ్ళీ చదువుతుంటే, ఈ తీర్పుని ఎలా తప్పించుకోవచ్చో కనబడింది. 1999లో వచ్చిన 'ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్' సంపుటిలో కథ ఇది. భర్త ఉద్యోగం కోసం కలకత్తా వదిలి వచ్చిన మిసెస్ సేన్, బడి అయ్యాక ఇలియట్ అనే పదకొండేళ్ళ పిల్లాణ్ణి చూసుకుంటూ ఉంటుంది. హాల్లో పేపర్లు పరిచి, కింద కూర్చుని, కత్తిపీట మీద కూరలు తరుగుతుంది. ఆ కత్తిపీటని చూడగానే మనకి అమ్మమ్మ గుర్తొచ్చేస్తుంది, చూడటం మానేస్తాం. ఇలియట్‌కి అలాంటి జ్ఞాపకాలేమీ లేవు. అందుకే ఆ వంపు తిరిగిన అంచునీ, ఆమె చేతుల వేగాన్నీ కళ్ళప్పగించి చూస్తాడు. కథంతా మనకి వాడు చూసినంత మేరే అందుతుంది.

పెళ్ళిళ్ళప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళంతా కత్తిపీటలతో డాబా మీద చేరి, రాత్రంతా కబుర్లాడుకుంటూ కూరలు తరిగేవాళ్ళని చెబుతుంది మిసెస్ సేన్. ఇక్కడి నిశ్శబ్దానికి తనకి నిద్ర పట్టదంటుంది. ఇప్పుడు నేను గట్టిగా అరిస్తే ఎవరైనా వస్తారా అని పిల్లాణ్ణి అడుగుతుంది. ఫోన్ చేస్తారేమో, కానీ గోల చేస్తున్నారని ఫిర్యాదు చేయడానికి కావచ్చు అంటాడు వాడు.

ఇందులో వెటకారం లేదు, వాడింటి అనుభవం ఉంది. పక్కింట్లో పార్టీ జరిగితే వీళ్ళని పిలవలేదు. రాత్రి హోరెక్కువయ్యాక, నంబరు వెతికి, చప్పుడు తగ్గించమని ఫోన్ చేసింది వాడి తల్లే. అంటే ఇక్కడే పుట్టిన మనిషి కూడా గోడకి ఇవతలే ఉండిపోయింది! 'వాళ్ళ' చల్లదనం అని మనం తేల్చేసేది వాళ్ళకీ చలేస్తున్న చోటేనని లాహిరి ఎక్కడా వ్యాఖ్యానించదు. ఆ ఫోన్ కాల్ ఒక్కటి చూపించి ఊరుకుంటుంది.

లోటు లేదా అంటే ఉంది. మిస్టర్ సేన్ మనకి ఎక్కువగా కారు నేర్చుకోమనే గొంతుగానే మిగులుతాడు, ఆయన ఒంటరితనం కథలోకి రాదు. కానీ ముగింపు మాత్రం నన్ను వదలదు. మిసెస్ సేన్ చేసిన కారు ప్రమాదం తర్వాత ఇలియట్ అక్కడికి వెళ్ళడం ఆగిపోతుంది. ఇకమీదట తాళం చెవితో ఒంటరిగా ఇంటికి రావాల్సింది ఆ పిల్లాడే. పరాయి దేశంలో ఉన్నది ఆమె, ఇల్లు పోగొట్టుకున్నది వాడు.

మన తాలింపుకి అలారం మోగినప్పుడు గోడకి అవతల ఎవరున్నారు? ఆ మనిషి చెప్పే తెలుగు కథ చదవాలనుంది.