అరిగేదాకా ఆగండి

హార్డ్‌టెయిల్ సైకిలు కొన్నవాళ్లకు ఆరు నెలలు తిరక్కుండానే ఫోర్కు మీద మోజు పుడుతుంది. ముందు చక్రానికే సస్పెన్షన్ ఉండి, వెనక ఏమీ లేని బండి కదా, ఉన్న ఆ ఒక్కటైనా గొప్పగా ఉండాలనిపించడం సహజమే. మా వీధిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు మొన్న ఫోన్‌లో ఓ ఫోర్కు బొమ్మ చూపించాడు. "అంకుల్, సెకండ్ హ్యాండ్‌లో మంచి రేటుకొస్తోంది. తీసేసుకోనా?" ఆ మంచి రేటు అతని సైకిలు ధరలో సగం పైమాటే.

"నీ హెడ్ ట్యూబు లావెంతో కొలిచావా?" అన్నాను. కొలవలేదు. ఎవరూ కొలవరు.

హ్యాండిల్ కింద, ఫోర్కు కాడను పట్టి ఉంచే పొట్టి గొట్టం అది. సైకిలు ఎంతవరకు ఎదుగుతుందో చాలావరకు దాని చేతిలోనే ఉంది. తక్కువ ధర హార్డ్‌టెయిళ్లలో చాలావాటికి అది పైనుంచి కిందిదాకా ఒకే లావు, లోపలి వ్యాసం 34 మిల్లీమీటర్లు. అందులోకి 28.6 మిల్లీమీటర్ల తిన్నటి కాడే దూరుతుంది. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కుల్లో ఎక్కువ వాటి కాడ కిందికొచ్చేసరికి ఒకటిన్నర అంగుళాలకు లావెక్కుతుంది, కాబట్టి పట్టదు. గొట్టం లోపల 44 మిల్లీమీటర్లుంటే, కింది కప్పు బయటికి ఉండే హెడ్‌సెట్ వేసి పట్టించవచ్చు. పట్టిందే అనుకుందాం. పాత చక్రం ఇరుసు క్విక్ రిలీజ్, కొత్త ఫోర్కు అడిగేది 15 మిల్లీమీటర్ల లావు ఇరుసు. అంటే కొత్త హబ్, దాంతో చక్రమే కొత్తది. అదీ కొన్నాక, పాత ఫోర్కు కన్నా కొత్తది 20 మిల్లీమీటర్లు పొడవుంటే, హెడ్ యాంగిల్ సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది, పెడళ్లు ఉండే బాటమ్ బ్రాకెట్ కాస్త పైకి లేస్తుంది. దిగుడులో ఆ డిగ్రీ హాయిగానే ఉంటుంది, ఎగుడులో మాత్రం ముందు చక్రం అటూ ఇటూ తిరుగుతూ విసిగిస్తుంది.

వెనక పక్కన కూడా ఇలాంటి ముడి ఒకటుంది. చవక సైకిళ్లలో పళ్ల చక్రాల గుత్తి హబ్ మీద మర తిప్పి బిగించే ఫ్రీవీల్, సాధారణంగా ఏడు గేర్లది. తొమ్మిదో పదో గేర్ల కేసెట్ కావాలంటే హబ్ నిర్మాణమే వేరు, మళ్లీ చక్రమే మార్చాలి. పైగా ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు గుండ్లు బాగా లోపలికి ఉండిపోతాయి. బయట ఊతం లేని ఇరుసు ముక్క పొడవవుతుంది. బరువైన మనిషి రాళ్ల దారిలో ఎగిరెగిరి కూర్చుంటే ఇరుసు వంగేది అక్కడే.

ఇవన్నీ చూశాక నాకో పద్ధతి కుదిరింది. ఏ భాగం అరిగిందో, పోయిందో, అదే మార్చాలి. మార్చేటప్పుడు ఒక మెట్టు పైది వేయాలి. అరగనిదాని జోలికి పోకూడదు. కొత్త సామాను మీద మోజు తప్పని నేను అనను, సాయంత్రాలు గడపడానికి అదీ ఓ దారే. కానీ మన బండిలో ఏది ఎందుకు అరుగుతోందో చూసుకోకుండా డబ్బు పెడితే, అది మన తొక్కుడుకు పెట్టిన డబ్బు కాదు, ఎవరో వీడియోలో తొక్కినదానికి పెట్టింది.

సైజు సంగతి వేరు. అది అరిగేదాకా ఆగే విషయం కాదు, కొనే రోజే తేలిపోవాలి. ఇందులో మనవాళ్లకో పాత అలవాటు అడ్డొస్తుంది. ఒకప్పుడు 22 అంగుళాల ఫ్రేమున్న నల్ల సైకిలు ఇంటిల్లిపాదికీ ఒక్కటే. నాన్న పొలానికీ, అన్న కాలేజీకీ అదే. కాలు అందని తమ్ముడు అడ్డ గొట్టం కిందనుంచి కాలు దూర్చి కైంచి తొక్కేవాడు. సైకిలుకు మనిషే సర్దుకోవాలన్న నమ్మకం అప్పటినుంచీ ఒంట్లో ఉండిపోయింది. ఇవాళ షాపులో సైజెంత అనడిగితే చాలామంది ఠక్కున "29" అంటారు. అది చక్రం సంగతి. అక్కడా తమాషానే: 29 అంగుళాల టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు, ఆ పాత నల్ల సైకిలు 28 అంగుళాల టైరుకేమో 635. పాతదే పెద్దది! 27.5 అంటే 584, 26 అంటే 559. టైరు కొనేటప్పుడు అంగుళాలు నమ్మకుండా, టైరు పక్కన అచ్చేసిన ఆ మూడంకెల సంఖ్య చూసుకోవడం మేలు.

ఫ్రేము సైజు చక్రంతో తేలదు, ఎత్తుతో కూడా పూర్తిగా తేలదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఒకరికి నడుం పొడవు. చెప్పుల్లేకుండా గోడకానుకుని నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటులా పైకి నొక్కిపెట్టి, దాని పైఅంచు నుంచి నేలదాకా కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ నడిమధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండాల్సిన ఎత్తు వస్తుంది. మూడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ఇది. కాలు 80 సెంటీమీటర్లయితే సీటు 70.6. రోడ్డు సైకిలు కోసం పుట్టిన లెక్క కాబట్టి గుట్టల్లో తిరిగేవాళ్లు దానికన్నా కాస్త దించుకుంటారు, దిగుడులో ఒళ్లు కదపడానికి చోటుండాలి. మోకాలి ముందు భాగం నొప్పెడుతుంటే ఎక్కువగా సీటు కిందికున్నట్టు, మోకాలి వెనక లాగుతుంటే పైకున్నట్టు.

సీటు ఎత్తు ఎలాగోలా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఫ్రేము పొడవు. ఇప్పటి కంపెనీల పట్టికల్లో రీచ్ అని ఒక వరుస ఉంటుంది: బాటమ్ బ్రాకెట్ నుంచి నిట్టనిలువుగా గీసిన గీతకూ హెడ్ ట్యూబు పై అంచుకూ మధ్య అడ్డదూరం. పెడళ్ల మీద లేచి నిలబడి తొక్కేటప్పుడు బండి మనకు ఎంత పొడవుగా అనిపిస్తుందో చెప్పేది ఆ అంకె. రాళ్ల దారిలో ఎక్కువసేపు నిలబడే ఉంటాం కాబట్టి మీడియమ్, లార్జ్ అన్న అక్షరాల కన్నా దాన్నే చూడాలి. ఒక కంపెనీ మీడియమ్ ఇంకో కంపెనీ లార్జ్‌కు దగ్గరగా ఉండటం మామూలే. షాపువాళ్లు ఉన్న సైజే అంటగట్టి, హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ చూపించి, "స్టెమ్ పొట్టిది వేసేద్దాం సార్, సరిపోద్ది" అంటారు. కాలికి పెద్దయిన చెప్పులో గుడ్డలు కుక్కినట్టే అది. సీటును పట్టాల మీద ముందుకు జరిపి పొడవు తగ్గించుకోవడం ఇంకా తప్పు, దానివల్ల చెడేది మోకాలు. రెండు సైజుల మధ్య పడ్డవాళ్లకు నేనైతే చిన్నదే చెబుతాను. చిన్న ఫ్రేముకు పొడవాటి సీటు పోస్టు, వెడల్పు హ్యాండిల్ వేసి గట్టెక్కవచ్చు. పోస్టు మీది కనీస గీత ఫ్రేము లోపలే ఉంటే చాలు. పెద్ద ఫ్రేమును కోసి చిన్నది చేయలేం.

ఇక అరుగుడు. అన్నిటికన్నా ముందు అరిగేది చైన్, తను అరుగుతూ మిగతావాటిని అరగదీసేదీ అదే. 24 పిన్నుల దూరం కొత్త చైన్‌లో సరిగ్గా 12 అంగుళాలు. స్టీలు స్కేలు పెట్టి కొలిస్తే, పన్నెండుకు పైన అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే అది అర శాతం సాగినట్టు. పదకొండు, పన్నెండు గేర్ల బండికి అప్పుడే మార్చేయాలి. ఎనిమిది, తొమ్మిది గేర్లకు ముప్పావు శాతం దాకా ఓపిక పట్టవచ్చు. ఒక శాతం దాటనిస్తే కేసెట్ పళ్లు ఆ సాగిన చైన్‌కు తగ్గట్టు అరిగిపోయి ఉంటాయి. ఆ తర్వాత కొత్త చైన్ వేస్తే ఎక్కుడులో, సరిగ్గా బలం పెట్టిన క్షణాన, పళ్ల మీదనుంచి జారుతుంది. అప్పుడు కేసెట్ కూడా కొనాలి, దాని ఖరీదు చైన్ కన్నా బాగా ఎక్కువ. స్కేలు ఇంట్లో పిల్లల పెట్టెలోనే ఉంటుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల గండిపేట, మొయినాబాద్ వైపు మట్టిదారుల్లో లేచేది గ్రానైట్ రాళ్లు పిండైన గరుకు దుమ్ము. చైన్‌కు జిడ్డెక్కువైతే అదంతా అతుక్కుని గరుకు కాగితంలా పనిచేస్తుంది. అందుకే వాడేసిన ఇంజన్ ఆయిల్ పొయ్యనివ్వొద్దు. ప్రతి లింకు రోలర్ మీద పలచటి చైన్ ఆయిల్ ఒక్కో బొట్టు, కాసేపయ్యాక పైన మిగిలింది గుడ్డతో తుడిచేయడం, అంతే. వానాకాలానికి కాస్త చిక్కటిది. అనంతగిరి ఎర్రమట్టిలో తడిసి వచ్చిన రోజు అదే సాయంత్రం తుడవాలి, తెల్లారేసరికి తుప్పు రంగు కనిపిస్తుంది.

టైర్ల దగ్గర నా నియమాన్ని నేనే తప్పుతాను. అరక్కపోయినా మార్చదగినవి అవే. వెనక సస్పెన్షన్ లేని బండికి వెనక సస్పెన్షన్ టైరులోని గాలే. బొటనవేలితో నొక్కి "రాయిలా ఉంది సార్" అని మనవాళ్లు మురిసిపోయేంత గాలి కొట్టిస్తే ప్రతి గులకరాయీ నడుంలో తెలుస్తుంది, పట్టు కూడా పోతుంది. డెబ్బై కిలోల మనిషికి 2.2 అంగుళాల టైరు, ట్యూబుతో 30 పీఎస్‌ఐ చుట్టూ చాలు. వెనక కాస్త ఎక్కువ, ముందు కాస్త తక్కువ. మరీ తగ్గిస్తే రాయికి, రిమ్ముకు మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

అసలు శత్రువు రాయి కాదు, పల్లేరు కాయ. అమెరికాలో గోట్‌హెడ్ అని సైకిలువాళ్లు తిట్టుకునేది మన పల్లేరునే, వృక్షశాస్త్రంలో ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. పాత ప్రపంచం నుంచి అక్కడికి చేరిన కలుపు అది. ఐడహో రాష్ట్రంలోని బాయిజీలో దాని పేరిట సైకిళ్ల పండగే చేశారు. మనకు పల్లేరుతో పాటు తుమ్మ ముళ్లు కూడా ఉన్నాయి, పండగ మాత్రం లేదు. దీనికి మందు ట్యూబ్‌లెస్: రిమ్ము అందుకు తగినదైతే, లోపల పోసిన రబ్బరు పాలలాంటి సీలెంట్ ముల్లు గుచ్చిన చోటే గడ్డకట్టి చిల్లు మూసేస్తుంది. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ పోయాలి. ఈ మాట అమ్మేటప్పుడు చెప్పరు.

బ్రేకుల గురించి క్లుప్తంగా. హైడ్రాలిక్ బ్రేకుల్లో షిమానో, టెక్ట్రో వాడేది మినరల్ ఆయిల్, స్రామ్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ఫ్లూయిడ్. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. మోటార్ సైకిలు మెకానిక్ దగ్గర ఉండేది డాటే. పంక్చర్ షాపులో చక్రం ఊడదీశాక పక్కన నిలబడ్డ పిల్లలు సరదాగా లీవరు నొక్కుతారు, ప్యాడ్లు దగ్గరికి మూసుకుపోయి డిస్కు మళ్లీ దూరదు. చక్రం తీస్తే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి.

అలాగని పంక్చర్ షాపు పెద్దాయనను తక్కువ చేయలేను. షిమానో హబ్‌లలో చాలావాటిలో ఇప్పటికీ గుండ్లు, కప్పు, కోనే ఉంటాయి. వాటిని కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి, ఇరుసు ఊగకుండా, పట్టెయ్యకుండా కోను బిగించడం చేతివేళ్లతో తెలిసే విద్య. ఏసీ షోరూముల్లో కుర్రాళ్లలో చాలామందికి అది రాదు, చెట్టు కింద గొడుగేసుకుని కూర్చున్నాయనకు వచ్చు. బ్రేకులు షోరూములో, హబ్‌లు చెట్టు కింద.

నిజానికి మౌంటెన్ బైకింగ్ మొదలైందే గ్రీజు దగ్గర. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫ్యాక్స్ పక్క కొండమీద, 1976 అక్టోబర్‌లో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో దిగుడు పందెం పెట్టుకున్నారు. సుమారు 400 మీటర్ల దిగుడు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు హబ్ లోపల ఉండేది. కిందికి చేరేసరికి అది కాగి, గ్రీజు పొగై పోయేది. మళ్లీ గ్రీజు కూరితే గానీ బండి పనికిరాదు, ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరు అందుకే పడింది. వాళ్లలో ఒకరైన జో బ్రీజ్ 1977లో కొండ కోసమే కొత్త ఫ్రేము కట్టాడు. ఉన్నదాన్ని విరిగేదాకా, కాలేదాకా తొక్కిచూశాకే కొత్తది చేసుకున్నారు వాళ్లు.

ఆ తీరు ఫోర్కుకు కూడా వర్తిస్తుంది, కొత్తది కొనేముందు ఉన్నదాన్ని విప్పి చూడాలి. గాలి ఫోర్కులకు యాభై గంటల తొక్కుడుకోసారి కింది కాళ్లు విప్పి నూనె మార్చమని రాక్‌షాక్స్ చెబుతుంది. స్ప్రింగు ఫోర్కుల్లో చాలావాటిని కొన్నప్పటినుంచీ ఎవరూ విప్పనే విప్పరు. మా వీధి కుర్రాడిది విప్పితే లోపల గ్రీజు ఎండి గోధుమరంగు పొలుసుగా ఉంది. కడిగి, సస్పెన్షన్ గ్రీజు పెట్టి బిగించాం. సెకండ్ హ్యాండ్ ఫోర్కు మాట అతను ఇంకా ఎత్తుతూనే ఉన్నాడు, ఎత్తనీ. నార్సింగి వైపు 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద, అద్దంలాంటి నేల మీద, ఫోర్కు లాక్ కూడా వేసుకోకుండా ఊగుతూ పోయే హార్డ్‌టెయిళ్లను చూస్తే మాత్రం నవ్వొస్తుంది.

చివరగా చప్పుడు సంగతి, ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడిగేది అదే. తొక్కినప్పుడల్లా కిర్రుమంటోంది, బాటమ్ బ్రాకెట్ పోయిందట, మార్చమంటున్నారు అని. అల్యూమినియం ఫ్రేము గొట్టాలన్నీ చప్పుడును మోసుకొచ్చి కిందనుంచి వినిపిస్తాయి. ముందు లేచి నిలబడి తొక్కిచూడండి. ఆగిపోతే తప్పు సీటుది, లేదా సీటు పోస్టుది. పోస్టు లాగి తుడిచి, పలచగా గ్రీజు రాసి పెట్టండి. ఆగకపోతే పెడళ్లు విప్పి మరలకు గ్రీజు రాయండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, ముందు చక్రం వైపు లాగితే బిగుస్తుంది, వెనక్కి తోస్తే ఊడుతుంది. ఆ తర్వాత స్టెమ్ బోల్టులు, క్విక్ రిలీజ్. ఇవన్నీ అయ్యాకా కిర్రుమంటే అప్పుడు బాటమ్ బ్రాకెట్ విప్పమనండి, విప్పేటప్పుడు పక్కనే నిలబడండి.