ఎవరి ఆయుష్షు ఎంత?

స్కోప్ ఎర్రర్ వచ్చినప్పుడు స్క్రీన్ మీద కనబడే లైన్ నంబరు దగ్గర తప్పు దాదాపుగా ఉండదు. అది తప్పు బయటపడిన చోటు, అంతే. అసలు తప్పు వేరే ఫైల్లో ఉంటుంది. ఒక్కోసారి ఆర్నెల్ల కిందట ఎవరో హడావిడిగా చేర్చిన ఒకే ఒక్క పదంలో ఉంటుంది. కొత్తగూడ చుట్టుపక్కల ఆఫీసుల్లో జావా రాసుకుని బతికే మాలాంటివాళ్లకు నల్ పాయింటర్ అంటే భయం ఎప్పుడో పోయింది. అది ఎదురుగా వచ్చి కొట్టే రకం. స్కోప్ తగాదా అలా కాదు. నెలల తరబడి కిక్కురుమనకుండా ఉండి, ఎవరో దాన్ని సరిచేయబోయినప్పుడు ఒక్కసారిగా గొంతెత్తుతుంది. దాంతో నింద కాస్తా సరిచేసినవాడి మీద పడుతుంది.

సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. ప్రోగ్రాంలో ఒక ఆబ్జెక్ట్‌కు ఇంకో ఆబ్జెక్ట్ అవసరమైతే దాన్ని తనే తయారు చేసుకోకుండా, బయటి నుంచి ఒక ఫ్రేమ్‌వర్క్ తెచ్చి చేతిలో పెట్టే పద్ధతిని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. ఆ పేరును జనంలోకి తెచ్చింది మార్టిన్ ఫౌలర్ 2004 జనవరిలో రాసిన వ్యాసం. అదే ఏడాది మార్చిలో అలాంటి ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ 1.0 వచ్చింది. దాని మూలాలు రాడ్ జాన్సన్ 2002లో రాసిన పుస్తకంలో ఉన్నాయి. 2007లో గూగుల్ అదే పని చేసే తన గ్విస్‌ను బయటపెట్టింది. ఇంతవరకూ అందరికీ ఒంటబట్టేదే. చిక్కంతా, అలా తెచ్చిచ్చిన వస్తువు ఎంతకాలం బతకాలన్న దగ్గర మొదలవుతుంది. కొన్ని ప్రోగ్రాం నడిచినంతసేపూ ఒక్కటే ఉండాలి, వాటిని సింగిల్టన్ అంటాం. కొన్ని ఒక రిక్వెస్ట్ పూర్తయ్యేదాకా ఉంటే చాలు. ఈ ఆయుష్షు లెక్కే స్కోప్.

మా దగ్గర ఏ టవర్‌లోకి వెళ్లాలన్నా గేటు దగ్గర కార్డు చూపించి విజిటర్ పాస్ తీసుకోవాలి. అది ఆ రోజుకే చెల్లుతుంది. లోపలున్న పర్మినెంట్ ఉద్యోగి ఒకాయన మొదటిరోజు వచ్చిన అతిథి పాస్‌ను డ్రాయర్లో దాచుకుని, ఆ తర్వాత ఎవరొచ్చినా అదే పాస్ తీసి అదే పేరు రిజిస్టర్లో రాశాడనుకోండి. ఎక్కువకాలం బతికేవాడి చేతికి తక్కువకాలం బతికే వస్తువు చిక్కితే జరిగేది అదే. ఆయన డ్రాయర్లో పాస్‌కు బదులు రిసెప్షన్ ఎక్స్‌టెన్షన్ నంబరు పెట్టుకుని, అవసరమైనప్పుడల్లా ఈ రోజు వచ్చిందెవరని అడిగి ఉంటే గొడవ లేదు. గ్విస్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ నంబరును ప్రొవైడర్ అంటారు.

ఇప్పుడు అమీర్‌పేట సంగతి. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో స్ప్రింగ్ నేర్చుకుని సైబరాబాద్‌కు వచ్చినవాళ్లు ఏ జావా టీమ్‌లోనైనా కనిపిస్తారు. జిరాక్స్ నోట్సులో బీన్ (స్ప్రింగ్ చూసుకునే ఆబ్జెక్ట్) స్కోప్‌లు ఎన్ని అన్న ప్రశ్నకు ఐదు అని ఉంటుంది: సింగిల్టన్, ప్రోటోటైప్, రిక్వెస్ట్, సెషన్, గ్లోబల్ సెషన్. ఆ ఐదోదాన్ని 2017లో స్ప్రింగ్ 5 తీసేసింది. ఇంటర్వ్యూల్లో మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు, పిల్లలు చెబుతూనే ఉన్నారు. దానివల్ల నష్టమేమీ లేదు. నష్టం చేసేది ఇంకొకటి, నోట్సులో ఒక్క లైన్‌తో సరిపెట్టినది. స్ప్రింగ్‌లో స్కోప్ ఏమీ రాయకపోతే అది సింగిల్టన్. గ్విస్‌లో ఏమీ రాయకపోతే అడిగిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్. రెండూ పక్కపక్కనే పెట్టి చూస్తే క్లాస్ ఒకేలా ఉంటుంది, నడవడిక పూర్తిగా తిరగబడుతుంది.

జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే మావెన్‌కు ప్లగిన్లు రాసేవాళ్లకు ఈ తేడా నేరుగా తగులుతుంది. 2010లో వచ్చిన మావెన్ 3.0 లోపల్లోపల గ్విస్ మీదికి మారింది. 2013లో వచ్చిన 3.1 నుంచి ప్లగిన్లలో కూడా ఇంజెక్ట్, నేమ్డ్, సింగిల్టన్ అనే ప్రామాణిక గుర్తులు వాడుకోవచ్చు. ఆ వెంటనే 3.2.1లో సెషన్ స్కోప్, మోజో ఎగ్జిక్యూషన్ స్కోప్ అని రెండు వచ్చాయి. మొదటిది బిల్డ్ అంతటికీ, రెండోది ఒక మాడ్యూల్ మీద ప్లగిన్‌లోని ఒక పని, అంటే మోజో, నడిచినంతసేపటికి. రోజంతా స్ప్రింగ్‌లో రాసేవాడికి టీమ్ లీడ్ వచ్చి, ఈ చిన్న ప్లగిన్ కూడా చూడవా అంటే, అతను కొత్త దేశంలో ఉన్నానని తెలియకుండానే సరిహద్దు దాటేస్తాడు.

మా టీమ్‌లో జరిగింది సరిగ్గా ఇదే. ప్రతి మాడ్యూల్‌లో వాడిన లైబ్రరీల లైసెన్సులు చూసి రిపోర్టు రాసే సొంత ప్లగిన్ ఒకటి ఉంది. బిల్డ్ నిదానంగా నడుస్తోందని గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు దాన్ని తెరిచాడు. లైసెన్సుల జాబితా ఫైలును చదివి దాచుకోవాల్సిన క్లాస్, ప్రతి మాడ్యూల్‌కూ మళ్లీ మళ్లీ పుడుతోంది, ఫైలును మళ్లీ మళ్లీ చదువుతోంది. స్ప్రింగ్ అలవాటున ఒక్కటే ఉంటుందనుకున్నది ఒక్కటిగా లేదు. క్లాస్ నెత్తిన సింగిల్టన్ అని పెట్టాడు. బిల్డ్ పరుగెత్తింది. అందరం మెచ్చుకున్నాం కూడా.

అయితే ఆ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లో జాబితా ఫైలుతోపాటు ఇంకొకటి కూడా ఉంది: మావెన్ ప్రాజెక్ట్. అంటే ఇప్పుడు బిల్డ్ అవుతున్న మాడ్యూల్. రిపోర్టు నెత్తిన పేరు రాయడానికి అది కావాలి. క్లాస్ ప్రతిసారీ కొత్తగా పుట్టినన్నాళ్లూ ఏ మాడ్యూల్ దానికే వచ్చేది. సింగిల్టన్ అయ్యాక, మొదటి మాడ్యూల్ నడుస్తున్నప్పుడు పుట్టి, ఆ మొదటి మాడ్యూల్‌నే చివరిదాకా పట్టుకుని కూర్చుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. బిల్డ్ సక్సెస్ అని పచ్చరంగులో వచ్చింది. చెల్లింపుల మాడ్యూల్ రిపోర్టు తెరిస్తే పైన కామన్ అన్న పేరు. ‘నా మెషిన్‌లో బాగానే ఉంది కదన్నా’ అన్నాడు. ఎందుకుండదు? తన లాప్‌టాప్‌లో అతను తిప్పేది తన ఒక్క మాడ్యూల్‌నే.

వెబ్ అప్లికేషన్‌లో ఇదే జరిగితే రిపోర్టు మీద పేరు మారడంతో పోదు. ఒక కస్టమర్ వివరాలు ఇంకో కస్టమర్‌కు కనబడతాయి. అందుకే అరిచే ఎర్రర్‌ను నేనెప్పుడూ తిట్టుకోను. గ్విస్‌ను ప్రొడక్షన్ స్టేజ్‌లో పెడితే సింగిల్టన్లన్నీ ముందే పుడతాయి. అప్పటికి రిక్వెస్ట్ అనేదే లేదు కాబట్టి సర్వర్ లేచేటప్పుడే గొడవ బయటపడుతుంది. మామూలుగా ఉండే డెవలప్‌మెంట్ స్టేజ్‌లో అవసరమొచ్చినప్పుడు పుడతాయి. ఆ అవసరం ఎవరో ఒకరి రిక్వెస్ట్ మధ్యలోనే వస్తుంది. ఇంకేముంది, వాళ్ల వివరాలతో బంధం పడిపోతుంది.

మా కుర్రాడు చురుకైనవాడే. మావెన్ ప్రాజెక్ట్ బదులు దాని ప్రొవైడర్‌ను కన్‌స్ట్రక్టర్‌లో తీసుకున్నాడు. పేర్లు సరిపోయాయి. సరిగ్గా అప్పుడు, కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ సర్వర్‌లో, ఈ ప్లగిన్ పుట్టాక మొదటిసారి ఎర్రటి ఎర్రర్ వచ్చింది: ‘కెనాట్ యాక్సెస్’ అని, పక్కన మావెన్ ప్రాజెక్ట్ పేరు, చివర ‘అవుట్‌సైడ్ ఆఫ్ ఎ స్కోపింగ్ బ్లాక్’. రిలీజ్ పొద్దున ఉంది. ఫ్లైఓవర్ 2023 జనవరి 1న తెరిచినా కొత్తగూడ జంక్షన్‌లో సాయంత్రం కింది రోడ్డు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ట్రాఫిక్ తగ్గేదాకా ఆఫీసులోనే ఉండేవాళ్లం ఎలాగూ ఉంటాం. అందరూ అతని కుర్చీ చుట్టూ చేరి, నిన్నటిదాకా బాగానే ఉండేది, ప్రొవైడర్ ఎందుకు పెట్టావన్నారు. పాత కోడ్ వెనక్కి పెట్టేద్దామన్నారు. వెనక్కి పెడితే ఎర్రర్ నిజంగానే పోతుంది, తప్పుడు పేర్లు తిరిగొస్తాయి.

గ్విస్ ఎర్రర్‌ను కింది నుంచి చదవడం నా అలవాటు. ఎవరి కోసం వెతుకుతుంటే ఎవరు అడ్డం వచ్చారో వరసగా చెబుతుంది. కానీ ఇక్కడ అది సరిపోలేదు, ఎందుకంటే గొలుసంతా సరిగ్గానే ఉంది. అప్పుడు చూడాల్సింది థ్రెడ్ పేరు. లాగ్‌లో మిగతా లైన్లన్నిటి పక్కనా మెయిన్ అని ఉంది. ఈ ఒక్క దాని పక్కన పూల్ అని మొదలయ్యే పేరు. రిపోర్టులను ఫైల్లోకి రాసే పనిని ఎవరో ఎప్పుడో ఒక థ్రెడ్ పూల్‌కు అప్పగించారు. మోజో ఎగ్జిక్యూషన్ స్కోప్ తన వస్తువులను థ్రెడ్‌కు కట్టి ఉంచుతుంది. మెయిన్ థ్రెడ్‌లో అడిగితే ఇస్తుంది. పూల్‌లోని థ్రెడ్ వచ్చి అడిగితే, నువ్వెవరో నాకు తెలియదంటుంది. ప్రొవైడర్ తప్పు కాదది. ప్రొవైడర్‌ను అడిగిన చోటు తప్పు. పాత కోడ్‌లో ఇది బయటపడకపోవడానికి కారణం, అక్కడ ఎవరూ ఎవర్నీ అడగడం లేదు, పాత వస్తువునే వాడుకుంటున్నారు.

స్ప్రింగ్‌లో ఇలాంటి చోట, రిక్వెస్ట్ స్కోప్ ఈ థ్రెడ్‌లో నడవడం లేదు, ప్రాక్సీ పెట్టి చూడమని సలహా కూడా ఎర్రర్‌లోనే వస్తుంది. చాలామంది ఆ సలహాను కాపీ చేసి అతికించి ఊపిరి పీల్చుకుంటారు. ప్రాక్సీ అంటే ముసుగేసుకున్న ప్రొవైడరే. సింగిల్టన్ పట్టు వదిలించడానికి పనికొస్తుంది. థ్రెడ్ మారితే అదీ చేతులెత్తేస్తుంది, కాకపోతే ఇంకాస్త లోతుకెళ్లాక.

అనుమానం తీరకపోతే నేను చేసే నాటు పని ఒకటుంది. కన్‌స్ట్రక్టర్‌లో ఒక లాగ్ లైన్ పెట్టి క్లాస్ పేరు, ఐడెంటిటీ హ్యాష్ కోడ్, థ్రెడ్ పేరు రాయిస్తాను. రెండు మాడ్యూళ్లు, వీలైతే మూడు, కలిపి బిల్డ్ చేస్తాను. ఎవరు ఎన్నిసార్లు పుట్టారో, ఏ థ్రెడ్‌లో పుట్టారో కళ్లెదుట ఉంటుంది. ఒక్కసారే పుట్టాల్సింది ప్రతి మాడ్యూల్‌కూ పుడుతుంటే నేరుగా ఇంపోర్ట్ లైన్లు చూస్తాను. సింగిల్టన్ అనే పేరుతో గుర్తులు ఒకటి కాదు: జావెక్స్ ఇంజెక్ట్‌లో ఒకటి, జకార్తా ఇంజెక్ట్‌లో ఒకటి, గ్విస్‌ది ఒకటి, ఈజేబీది ఒకటి. ఎడిటర్ జాబితా చూపిస్తుంది, మనవాడు మొదటిది నొక్కుతాడు. ఈజేబీది నొక్కితే గ్విస్‌కు అదెవరో తెలియదు, కాబట్టి పట్టించుకోదు. కనీసం గొణగదు కూడా. 2023లో గ్విస్ 6, 7 ఒకేసారి వచ్చాయి. ఆరు జావెక్స్‌నూ జకార్తానూ రెంటినీ గుర్తిస్తుంది, ఏడు జకార్తాను మాత్రమే. అప్‌గ్రేడ్ పేరుతో నంబరు మార్చేవాళ్లు ఈ తేడాను లైట్ తీసుకుంటే తర్వాత పరేషానే.

చివరికి ఆ క్లాస్‌ను రెండు చేశాం. లైసెన్సుల జాబితా ఒక్కటే పట్టుకుని ఉండేది సింగిల్టన్‌గా మిగిలింది, దాని కన్‌స్ట్రక్టర్‌లో మాడ్యూల్ ఊసే లేదు. మాడ్యూల్ పేరును మోజో తన ఎగ్జిక్యూట్ మెథడ్‌లో, మెయిన్ థ్రెడ్‌లో ఉండగానే తీసుకుని, రిపోర్టు రాసే మెథడ్‌కు మామూలు పారామీటర్‌గా అందిస్తుంది. పూల్‌లోని థ్రెడ్‌కు ఒక స్ట్రింగ్ చేరుతుంది, అది ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు.

‘ఇంజెక్షన్ అంటూ ఉన్నాక చేత్తో అందించడమేంటన్నా’ అన్నాడు కుర్రాడు, తన ప్రొవైడర్ పోయినందుకు కాస్త ముఖం చిన్నబుచ్చుకుని. పారామీటర్‌కు స్కోప్ రాయాల్సిన పనిలేదు, మెథడ్ అయిపోగానే దాని కథా అయిపోతుందని చెప్పాను. అతను పూర్తిగా ఒప్పుకోలేదు. రేపు ఇంకో రెండు విలువలు కావాల్సొస్తే పారామీటర్ల తోక పెరుగుతుందంటాడు, అందులో న్యాయం లేకపోలేదు. పెరిగినప్పుడు చూద్దామన్నాను. రాసి పెట్టమన్నాడు. రివ్యూ కామెంట్‌లో రాసి పెట్టాను.