తెలిసినవాళ్ళు ఒకరు, సంతకం పెట్టేవాళ్ళు ఇంకొకరు

అతుల్ గవాండే ‘బీయింగ్ మోర్టల్’ 2014లో వచ్చింది. చావు గురించిన పుస్తకం కదా అని చాలామంది పక్కన పెట్టేస్తారు. నిజానికి ఇది నిర్ణయాల గురించిన పుస్తకం. ఇంకొక్క కీమో ఇద్దామా, ట్యూబ్ వేద్దామా, ఇక ఇంటికి తీసుకెళ్దామా అన్న ప్రశ్నల్ని ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో అడగాలన్నదే ఇందులో అసలు సంగతి. బాస్టన్‌లో పనిచేసే సర్జన్, ఈ అడగడం తన వృత్తికి చేతకాలేదని ఒప్పుకుంటూ రాశాడు. పుస్తకానికి బలం అక్కణ్ణుంచే వచ్చింది.

‘లెటింగ్ గో’ అనే అధ్యాయం చూడండి. 34 ఏళ్ళ స్త్రీకి, 39 వారాల గర్భంతో ఉండగా ఊపిరితిత్తుల కేన్సర్ బయటపడుతుంది. ఒక మందు పనిచేయకపోతే ఇంకోటి, అదీ కాకపోతే మరోటి. మధ్యలో థైరాయిడ్‌లో కూడా కేన్సర్ కనబడి ఆమె గవాండే దగ్గరికి వస్తుంది. ఆమె బతకదని తెలిసీ, ప్రయోగదశలో ఉన్న మందేదో దీనికీ పనిచేయొచ్చేమో అన్నట్టు మాట్లాడానని ఆయనే రాస్తాడు. నిజం చెప్పడం కంటే ఇంకో మందు సంగతి ఎత్తడం తేలిక. ఐసీయూ దాకా వెళ్ళే దారి ఇలాంటి చిన్న చిన్న తప్పించుకోవడాలతోనే పడుతుందని ఇంత స్పష్టంగా చెప్పిన రచన నేను ఇంకోటి చదవలేదు.

దీనికి విరుగుడుగా ఆయన చూపించేది సూసన్ బ్లాక్ అనుభవం. ఆవిడ పాలియేటివ్ కేర్ డాక్టర్. 74 ఏళ్ళ తండ్రికి మెడ దగ్గర వెన్నుపాములో గడ్డ. ఆపరేషన్ చేస్తే కాళ్ళూ చేతులూ పడిపోయే ప్రమాదం 20 శాతం, చేయకపోతే 100 శాతం. ముందురోజు రాత్రి ఆవిడ తండ్రినే అడిగింది, ఎలాంటి స్థితిలో ఉంటే బతకాలనుకుంటావని. చాక్లెట్ ఐస్‌క్రీమ్ తింటూ టీవీలో ఫుట్‌బాల్ చూడగలిగితే చాలన్నాడాయన. ఆపరేషన్ తర్వాత రక్తస్రావమై, మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాలా వద్దా చెప్పడానికి ఆవిడకి మూడు నిమిషాలే దొరికాయి. ఆ రెండూ చేయగలడా అని అడిగింది. చేయగలడన్నారు. సరేనంది. ఆయన ఇంకో పదేళ్ళు బతికాడు.

నా పేచీ ఇక్కడే. అడిగింది ఆవిడే, జవాబు తెలిసింది ఆవిడకే, సరేనని చెప్పే హక్కూ ఆవిడదే. మన ఇళ్ళలో ఈ మూడూ ముగ్గురి దగ్గర ఉంటాయి.

మా పెద్దనాన్న హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రి ఐసీయూలో ఉన్నప్పుడు, వెంటిలేటర్ పెట్టాలా అని డాక్టర్ అడిగింది పెద్దన్నయ్యని, పెద్దకొడుకు కాబట్టి. అతను అమెరికాలో ఉన్న చిన్నన్నయ్యకి వీడియో కాల్ చేశాడు, ఖర్చు చూసుకునేది అతను కాబట్టి. బావగారు తనకి తెలిసిన ఇంకో డాక్టర్‌కి రిపోర్టులు వాట్సాప్ చేశారు. 46 ఏళ్ళు ఆయనతో కాపురం చేసిన పెద్దమ్మ మాత్రం ఒళ్ళో ఫ్లాస్క్ పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. ‘‘ఆవిణ్ణి కంగారు పెట్టకండి’’ అన్నారందరూ. ఆయన ఏది భరించగలడో, ఏది భరించలేడో తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

ఇదంతా ప్రేమ లేక కాదు. పెద్దకర్మ రోజు బంధువుల ముందు ‘చేయాల్సిందంతా చేశాం’ అని చెప్పుకోగలగాలి మనకి. ఆ మాటలో చేసినవాళ్ళే ఉంటారు, అదంతా పడినవాళ్ళు ఉండరు. డబ్బులైపోయాక ‘మా ఇష్టం మీదే తీసుకెళ్తున్నాం’ అని సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకోవడమూ నిర్ణయమే. కానీ డాక్టర్ సలహా కాదని వెళ్ళినట్టు కేస్ షీట్‌లో రాసుకుంటారు. చివరి రోజుల్లో ఇంటికే వచ్చి చూసుకునే హాస్పీస్ సేవల గురించి గవాండే వివరంగా రాస్తాడు. ఇక్కడ చాలా ఇళ్ళకి ఆ తోడు ఉండదు.

ఈ పేచీకి సాక్ష్యం పుస్తకంలోనే ఉంది. మహారాష్ట్ర పల్లెటూరి నుంచి వెళ్ళి ఒహైయోలో స్థిరపడ్డ సర్జన్ ఆత్మారామ్, గవాండే తండ్రి. ఆయనకీ మెడ దగ్గర వెన్నుపాములోనే గడ్డ. చివరి రోజులు ఇంట్లోనే గడవాలనుకుని హాస్పీస్‌ని పెట్టుకున్నారు. అయినా ఒక పొద్దున ఆయన లేపినా లేవకపోయేసరికి తల్లి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. తల్లీ తండ్రీ కొడుకూ అందరూ డాక్టర్లే అయిన ఇల్లు అది! పుస్తకం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ ఫోన్ కాలే. రోగికి ఏం కావాలో అడిగితే సరిపోదు, పక్కనున్నవాళ్ళ భయాన్ని కూడా ముందే అడగాలి. ఈ రెండో ప్రశ్న మీద గవాండే ఇంకాస్త ఆగి ఉంటే బావుండేది.

మన చట్టం ఇందులో ఒక మెట్టు వేసింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి లివింగ్ విల్‌ని గుర్తించింది. పద్ధతి మరీ కష్టంగా ఉందని 2023 జనవరిలో సడలించింది. ఇప్పుడు మెజిస్ట్రేట్ దాకా వెళ్ళక్కర్లేదు. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. మనం మాట్లాడలేనప్పుడు మన తరఫున నిర్ణయం చెప్పేవాళ్ళ పేర్లు అందులో రాయాలి. పెద్దకొడుకే అయ్యుండాలని ఎక్కడా లేదు. పెద్దమ్మ లాంటివాళ్ళ పేరూ రాయొచ్చు.

కాబట్టి ఈ పుస్తకం ఒక్కళ్ళే చదివి షెల్ఫ్‌లో పెట్టేయకండి. ఐస్‌క్రీమ్ దగ్గర ఆగి, ఇంట్లో పెద్దవాళ్ళని ‘మరి నీకు?’ అని అడగండి. నేనడిగితే అమ్మ ‘‘శుభమా అంటూ ఏం మాటలివి!’’ అని కసిరింది. రెండు రోజుల తర్వాత టీ తాగుతూ తనే మొదలుపెట్టింది.