అసిమోవ్ ‘ఫౌండేషన్’ కథాచక్రం: సామ్రాజ్య పతన, పునరుద్ధరణల కథనరీతి

ఐజాక్ అసిమోవ్ (1920–1992) రచించిన ‘ఫౌండేషన్’ కథాచక్రానికి ఇతివృత్తం ఒక నక్షత్రమండల సామ్రాజ్యం. పన్నెండు వేల సంవత్సరాలు నిలిచి, రెండున్నర కోట్ల గ్రహాలను పాలించిన ఆ ప్రభుత్వం శిథిలమవుతుంది. దాని తర్వాత ముప్ఫై వేల సంవత్సరాల అంధయుగం తప్పదని హారీ సెల్డన్ అనే గణితవేత్త లెక్కగట్టి, ఆ కాలాన్ని వెయ్యి సంవత్సరాలకు కుదించడానికి ఒక ప్రణాళిక రచిస్తాడు. ఆ వెయ్యేళ్ల చివర రెండవ సామ్రాజ్యం ఏర్పడాలి. విమర్శకులు ఈ రచనను సాధారణంగా గిబ్బన్ రోమక చరిత్రకు అంతరిక్ష రూపాంతరంగానో, విజ్ఞానశాస్త్రం సాధించిన విజయగాథగానో పరిగణిస్తూ వచ్చారు. రెండింటికీ ఆధారాలున్నాయి. అయితే ఈ రెండు దృష్టులకూ చిక్కని విషయం ఒకటుంది: ఇందులో పతనం సవిస్తరంగా కథనమైంది, పునరుద్ధరణ మాత్రం ఎక్కడా కథనం కాలేదు. రెండవ సామ్రాజ్యాన్ని పాఠకుడు చూడడు. అది వచ్చి తీరిందన్న సూచన ఒక ప్రచురణ వివరంలో మాత్రమే ఉంది. ఈ లోపం రచయిత అశ్రద్ధ వల్ల కలిగినదా, ఇతివృత్తంలోనే ఉన్న చిక్కు వల్ల కలిగినదా అన్నది ఇక్కడి చర్చాంశం.

రచనాచరిత్రను క్లుప్తంగా స్మరించుకోవడం అవసరం. 1941 ఆగస్టు 1న ‘అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్‌ను కలవడానికి వెళ్తూ అసిమోవ్ ఈ ఊహ చేశాడు. 1776–1788 మధ్య వెలువడిన గిబ్బన్ గ్రంథం అప్పటికే అతని మనసులో ఉంది. తొలి కథ 1942 మే సంచికలో వచ్చింది. చివరి భాగం 1950 జనవరితో ముగిసింది. ఇవే 1951, 1952, 1953 సంవత్సరాల్లో మూడు పుస్తకాలయ్యాయి. సెల్డన్ విచారణను చిత్రించే ప్రారంభాధ్యాయం పత్రికలో రాలేదు. 1951లో పుస్తకం కోసమే రచించి ముందు చేర్చినది. అంటే గ్రంథానికి మొదలైనది రచనాక్రమంలో దాదాపు చివరిది. ఈ సంగతి మరచి చదివితే, ప్రణాళిక అంతా ముందే సిద్ధమై కథలు దాని వెంట నడిచాయన్న భ్రమ కలుగుతుంది. నిజానికి కథలే ముందు నడిచాయి.

సామ్రాజ్యం ఎదుగుదలను అసిమోవ్ ఈ కథాచక్రంలో దాదాపు వదిలేశాడు. దాని ఛాయలు 1952లో వచ్చిన ‘ది కరెంట్స్ ఆఫ్ స్పేస్’ నవలలో కనిపిస్తాయి. ఫ్లోరినా గ్రహంలో మాత్రమే పండే ‘కిర్ట్’ అనే నారపంట మీద సార్క్ గ్రహపు దొరలు బతుకుతుంటారు, పండించేవారు దాసులు. అప్పటికి విస్తరిస్తున్న ట్రాంటర్ ప్రభుత్వం ఆ వ్యవహారంలో మధ్యవర్తిగా ప్రవేశించి, చివరికి ఆ గ్రహాన్ని వెలకట్టి కొనడానికి సిద్ధపడుతుంది. నీలిమందు, పత్తి వలస వాణిజ్యాల చరిత్ర తెలిసిన పాఠకుడికి ఈ కథలో కొత్తదనం తక్కువే. విమోచకుడి వేషంలో వచ్చేవాడు కొనుగోలుదారు కూడా కావడం మాత్రం గమనించదగినది. తర్వాతి కథల్లో ఎవరూ ఈ తొలి రోజులను తలచుకోరు.

పతన చిత్రణలోనే అసిమోవ్ ప్రతిభ పూర్తిగా వ్యక్తమైంది. విచారణలో సెల్డన్ చెప్పే కారణాలు సూత్రప్రాయమైనవి: ఉద్యోగిగణం పెరిగింది, చొరవ తగ్గింది, సమాజం కులాలుగా గడ్డకట్టింది, జిజ్ఞాస నిలిచిపోయింది. కథల్లో ఇవి పాత్రలుగా, సంఘటనలుగా మారిన తీరు సూత్రాల కంటె విలువైనది. సామ్రాజ్య ప్రతినిధిగా టెర్మినస్‌కు వచ్చిన లార్డ్ డోర్విన్ పురావస్తు పరిశోధకుడినని చెప్పుకుంటాడు. మానవజాతి మొదట ఏ గ్రహంపై పుట్టిందన్నది అతని పరిశోధనాంశం. పూర్వపండితుల గ్రంథాలను ఎదురెదురుగా పెట్టి, ఒకరి వాదాన్ని మరొకరి వాదంతో తూచి నిర్ణయానికి రావడమే అతని పద్ధతి. ఆ గ్రహానికే వెళ్లి స్వయంగా తవ్వి చూడవచ్చు కదా అని నగర మేయరు సాల్వర్ హార్డిన్ అడిగితే డోర్విన్‌కు ఆ ప్రశ్నే అర్థం కాదు. మహామహులు ఆ పని అంతకుముందే చేసి ఉండగా మళ్లీ అక్కడికి వెళ్లడం అతనికి వృథాప్రయాస. సామ్రాజ్యం చచ్చిపోతున్నదన్న వార్తను యుద్ధనౌకల కంటె ముందు ఈ సంభాషణ తెలియజేస్తుంది. పూర్వపరిశోధనల సమీక్షతోనే ముగిసే సిద్ధాంతవ్యాసాలను పరిశీలించవలసి వచ్చే విశ్వవిద్యాలయ ఆచార్యులు ఈ సన్నివేశాన్ని నవ్వుతూ చదవలేరు. అదే డోర్విన్ అయిదు రోజుల పాటు ఇచ్చిన హామీలను తర్కశాస్త్ర రీతిలో వడకట్టితే మిగిలింది శూన్యమని తేలడం దీనికి కొనసాగింపు: భాష కూడా పాత పుస్తకాల వలెనే ఆచరణతో సంబంధం తెంచుకుంది.

దీనికి జోడైన మరొక సన్నివేశం వర్తకుడు హోబర్ మాలో కథలో ఉంది. సామ్రాజ్యపు విద్యుత్కేంద్రాలను కాపలా కాసే సాంకేతికులు వంశపారంపర్యంగా ఏర్పడిన కులం. యంత్రాలు తరతరాలుగా తమంతట తాము నడుస్తున్నాయి. ఒక్క గొట్టం కాలిపోతే మార్చగలవాడు లేడు. ‘కులం’ అన్న పదాన్ని అసిమోవ్ అలవోకగా వాడాడు. కానీ భారతీయ పాఠకుడు ఇక్కడ కాస్త ఆగవలసి వస్తుంది. కమ్మరికి, వడ్రంగికి, సాలెకు కులవృత్తి అంటే చేయడం, చెడితే బాగుచేయడం రెండూ. అక్కడ విద్య తండ్రి నుంచి కొడుకుకు దిగింది, అయితే విద్యగానే దిగింది. అసిమోవ్ సాంకేతికులకు దిగినది హోదా మాత్రమే. కులవ్యవస్థ అన్యాయం వేరు, ఈ సాంకేతికుల అజ్ఞానం వేరు. రెండింటినీ ఒకే మాట కింద చేర్చడంలో రచయిత పరిశీలన లోతు తక్కువైంది.

బెల్ రియోజ్ వృత్తాంతం నేరుగా రోమక చరిత్ర నుంచి వచ్చినది. జస్టీనియన్ సేనాని బెలిసారియస్ పేరే కుదించుకొని సేనాని రియోజ్ అయ్యాడు. అతడు ఫౌండేషన్‌ను ఓడించే స్థితికి చేరగానే చక్రవర్తి అతన్ని వెనక్కి పిలిచి బంధిస్తాడు. బలహీనుడైన సేనాని గెలవలేడు. బలవంతుడైన సేనానిని బలవంతుడైన చక్రవర్తి బతకనీయడు. ఫౌండేషన్ పక్షాన ఇద్దరు సాహసికులు చేసిన ప్రయత్నాలన్నీ ఫలితానికి ఏమాత్రం సంబంధం లేనివని తేలడం ఈ కథలోని చేదు హాస్యం. దీని తర్వాత రాజధాని ట్రాంటర్ దోపిడీకి గురవుతుంది. నాలుగు వేల కోట్ల జనాభాతో గ్రహమంతా లోహపు కప్పు కింద ఉన్న నగరమది. దోపిడీ తర్వాత మిగిలినవారు ఆ లోహాన్ని ఊడబెరికి అమ్మి, విత్తనాలు, పశువులు కొనుక్కుంటారు. కథాచక్రమంతటిలో పునరుద్ధరణ అనదగిన దృశ్యం ఏదైనా ఉంటే ఇదొక్కటే. అది ఏ ప్రణాళికలోనిదీ కాదు; సింహాసనాన్ని తిరిగి నిలబెట్టేదీ కాదు.

ఇక ప్రణాళిక సంగతి. సెల్డన్ శాస్త్రమైన సైకోహిస్టరీ వాయువుల చలనసిద్ధాంతం నమూనాగా కల్పించినది. ఒక్క అణువు గతిని చెప్పలేం, కోటానుకోట్ల అణువుల సమష్టి గతిని చెప్పగలం. జీవరసాయన శాస్త్రం చదివిన రచయితకు ఈ ఉపమానం సహజమే. ఆ శాస్త్రానికి రెండు నియమాలున్నాయి: జనసంఖ్య అపారంగా ఉండాలి; ఫలితం ఆ జనానికి తెలియకూడదు. రెండవ నియమం రాజకీయంగా ఎంత భయంకరమైనదో కథలు కొంతవరకే గుర్తించాయి. దీనికి పక్కన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానాన్ని నిలిపి చూస్తే భేదం స్పష్టమవుతుంది. కాలజ్ఞానం పదిమందికీ వినిపించడం కోసం పుట్టింది. తత్త్వాలు పాడేవారి నోట ఊరూరా తిరిగింది. విన్నవాడు తన కాలంలోని సంఘటనను దానికి అన్వయించుకొని, భయపడో ఆశపడో నడవడి మార్చుకోవాలి. ఆ జోస్యానికి శక్తి ప్రచారంలో ఉంది. సెల్డన్ జోస్యానికి శక్తి గోపనంలో ఉంది. విజ్ఞానసర్వస్వాన్ని సంకలనం చేయడానికే టెర్మినస్‌కు వచ్చామని నమ్మిన పండితులకు, యాభై ఏళ్ల తర్వాత సెల్డన్ ఛాయారూపం ప్రత్యక్షమై, ఆ పని వట్టి మోసమని చెప్పడం ఈ గోపనానికి తొలి నిదర్శనం. రెండు తరాల జీవితశ్రమ ఒక నెపమని తేలితే, వారి స్పందనను అసిమోవ్ కొన్ని వాక్యాల్లో దాటేస్తాడు.

మ్యూల్ రాకతో ప్రణాళిక దెబ్బతింటుంది. ఇతరుల భావోద్వేగాలను మార్చగల ఆ ఉత్పరివర్తిత వ్యక్తి ఏ లెక్కలోనూ లేడు. అతని సేనలు వచ్చిపడిన రోజున సెల్డన్ ఛాయారూపం సమయానికే ప్రత్యక్షమై, జరగని అంతర్యుద్ధం గురించి ప్రశాంతంగా ఉపన్యసిస్తుంది. మూడు పుస్తకాల్లోనూ ఇంతకంటె గొప్ప ఘట్టం లేదు. అప్పటికి ఫౌండేషన్ మేయరు పదవి కూడా వంశపారంపర్యమై, మూడవ ఇండ్‌బర్ చేతిలో ఉండటం గమనార్హం. పాత సామ్రాజ్యపు జబ్బు కొత్త రాజ్యానికి మూడు శతాబ్దాల్లోనే అంటింది.

ప్రణాళికను తిరిగి దారిలో పెట్టేది రహస్యంగా ఉన్న రెండవ ఫౌండేషన్. మనోనియంత్రణ తెలిసిన ఆ పండితవర్గం తన ఉనికిని మరుగుపరచడానికి తనవారిలో యాభైమందిని బలి ఇస్తుంది. పద్నాలుగేళ్ల ఆర్కేడీ తన తెలివితోనే సత్యాన్ని కనుగొన్నాననుకుంటుంది. ఆమె మనసును పుట్టిన వెంటనే వారే తీర్చిదిద్దారని చివర తెలుస్తుంది. తెలిసేది పాఠకుడికే, ఆమెకు కాదు. ఇంతటితో త్రయం ముగుస్తుంది. రైతు వేషంలో ఉన్న ప్రీమ్ పాల్వర్ చిరునవ్వుతో నిలబడే ఆ ముగింపును విజయంగా చదవడం సంప్రదాయం. కానీ ప్రజల మనసులను వారికి తెలియకుండా దిద్దే పాలకవర్గం ముప్ఫై వేల ఏళ్ల అంధయుగం కంటె మేలైనదని నిరూపించే ప్రయత్నం గ్రంథంలో లేదు. ‘సామ్రాజ్యం’ మంచిదన్నది ఇక్కడ సిద్ధాంతం కాదు, ముందే ఒప్పుకున్న ప్రతిపాదన. తెలుగులో ఈ మాటకున్న రెండు ముఖాలు ఇక్కడ ఉపకరిస్తాయి. ‘విజయనగర సామ్రాజ్యం’ అన్నప్పుడు అది గౌరవవాచకం. ‘సామ్రాజ్యవాదం’ అన్నప్పుడు నింద. ఒకే పదం రెండు చరిత్రలను మోస్తున్నది. అసిమోవ్ రచనలో మొదటి అర్థమే ఉంది. రెండవది ఫ్లోరినా కథలో తొంగిచూసి మాయమైంది.

ఇప్పుడు మొదట ప్రస్తావించిన ప్రచురణ వివరానికి రావాలి. అధ్యాయాల ముందు ‘ఎన్‌సైక్లోపీడియా గెలాక్టికా’ నుంచి ఉద్ధరణలుంటాయి. అవి ఫౌండేషన్ శకం 1020లో టెర్మినస్‌లో ప్రచురితమైన 116వ ముద్రణలోనివని గ్రంథం చెబుతుంది. వెయ్యేళ్లు దాటినా టెర్మినస్ ఉంది, ప్రచురణసంస్థ ఉంది, మోసమని సెల్డన్ చెప్పిన విజ్ఞానసర్వస్వమూ ఉంది. ప్రణాళిక ఫలించిందనడానికి కథాచక్రంలో ఉన్న సాక్ష్యం ఇంతే. జరగబోయేదాన్ని జరిగిపోయినదిగా చెప్పే ఈ పద్ధతికి సరిగ్గా తలకిందులైన పద్ధతి పురాణాల్లో ఉంది. మత్స్య, వాయు, విష్ణు పురాణాలు ఆంధ్రరాజులతో సహా కలియుగ రాజవంశాలను భవిష్యత్కాల క్రియలతో వర్ణిస్తాయి. పార్జిటర్ 1913లో ఆ పాఠాలను సంకలించి ప్రకటించాడు. అక్కడ గతం జోస్యంగా మారింది. ఇక్కడ జోస్యం గతంగా మారింది. రెండుచోట్లా ప్రయోజనం ఒకటే: జరిగినదానికి మరో దారి ఉండేదన్న ఆలోచనను పాఠకుడికి రానీయకపోవడం.

గతించిన సామ్రాజ్యాన్ని ఎవరు వర్ణిస్తున్నారన్న ప్రశ్న తెలుగు సాహిత్య చరిత్రకు కొత్తది కాదు. కృష్ణదేవరాయల వైభవాన్ని చెప్పే ‘రాయవాచకం’ విశ్వనాథ నాయని స్థానాపతి నివేదికగా కనిపిస్తుంది. అది 1565 తర్వాత మదుర నాయకుల ఆస్థానంలో రూపొందినదని ఫిలిప్ వాగనర్ 1993 నాటి అధ్యయనంలో వాదించాడు. వాగనర్ వాదాన్ని అంగీకరిస్తే, అక్కడ వారసరాజ్యం తన అర్హతను స్థాపించుకోవడానికి పూర్వరాజ్యపు కథ చెప్పుకుంది. టెర్మినస్ విజ్ఞానసర్వస్వం చేసే పనీ అదే. మొదటి సామ్రాజ్యం ఎందుకు కూలిందో చెబుతున్నది దాని స్థానం ఆశించిన రాజ్యం. డోర్విన్‌ను హాస్యాస్పదుడిగా చిత్రించినది ఎవరి కలమో గుర్తుంచుకుంటే, ఆ హాస్యం కొంత పలచబడుతుంది.

మూడు దశాబ్దాల తర్వాత, ప్రచురణకర్తల ఒత్తిడి మీద అసిమోవ్ ఈ కథకు తిరిగివచ్చాడు. 1982 నాటి ‘ఫౌండేషన్స్ ఎడ్జ్’లో ట్రెవైజ్ అనే టెర్మినస్ పౌరుడు రెండు ఫౌండేషన్లనూ కాదని, జీవరాశి అంతా ఒకే చైతన్యంగా కలిసే ‘గెలాక్సియా’ను ఎంచుకుంటాడు. అది శకం ఆరంభమై సుమారు అయిదు వందల ఏళ్లు గడిచిన కాలం, సగం దారి. 1986 నవలలో ఆ ఎంపికకు కారణం వెతకడమే కథ. కాలక్రమంలో కథ అంతకుమించి ముందుకు సాగలేదు. రచయిత వెనక్కి తిరిగి 1988లో సెల్డన్ యౌవనాన్ని రచించాడు. రెండవ సామ్రాజ్యాన్ని ఊహించడం కష్టమైనందువల్లే ఈ వెనుకడుగు అని భావించడం సమంజసం. ఎందుకంటే దానిని చిత్రించాలంటే రెండవ ఫౌండేషన్ పాలన కింద సామాన్యుడి ఒక రోజును చిత్రించాలి. ఆ పనికి పూనుకున్న క్షణంలో ప్రణాళిక పట్ల పాఠకుడికున్న గౌరవం నిలవదు. ట్రెవైజ్ నిరాకరణ ఆ కష్టాన్ని పరోక్షంగా ఒప్పుకోవడమే, అయినా గెలాక్సియా కూడా వ్యక్తి సమ్మతి ప్రశ్నను పరిష్కరించదు, రద్దు చేస్తుంది.

విశేషమేమంటే, టెర్మినస్ ఆధిపత్యాన్ని తోసిపుచ్చే ఆ ఎంపిక తర్వాత వచ్చిన 1988 నవలలోనూ అధ్యాయాల ముందు అవే ఉద్ధరణలున్నాయి: 116వ ముద్రణ, ఫౌండేషన్ శకం 1020, టెర్మినస్, ప్రచురణకర్తల అనుమతితో.